పెళ్ళిళ్ళు వాళ్ళ కోసం, దిష్టిబొమ్మలు నా కోసం

గద్వాలలో మా మామూ స్టూడియోలో పనికి చేరినప్పుడు మొదట్లో నన్ను కెమెరా ముట్టనివ్వలేదు. పెళ్ళి గ్రూపు ఫోటోలో ఎవరి పక్కన ఎవరు నిలబడకూడదో నేర్పాడు. తోడికోడళ్ళ మధ్య ఒక ముసలావిడను నిలబెట్టాలి. అలిగిన బావగారిని ముందు వరసలోకి బతిమాలి తేవాలి. ఊరి పెద్దమనిషి ఫోటో అంచున పడితే మళ్ళీ తీయాలి. పెళ్ళికూతురు కళ్ళు మూసుకుంటే ఫరవాలేదు, సిగ్గనుకుంటారు. వెలుగు, నీడ, దూరం, ఇవన్నీ తర్వాతి పాఠాలు.

మామూ అంటే మా అమ్మ తమ్ముడు. మావాళ్ళ పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ గదిలోకి మగ ఫోటోగ్రాఫర్‌ను రానివ్వరు. బయట దూల్హా ఫోటోలు నిండుగా ఉంటే, లోపల దుల్హన్‌కు ఒక్కటీ ఉండేది కాదు. దాంతో ఇంటర్ చదివి ఇంట్లో కూర్చున్న నా మీద మామూ కన్ను పడింది. కొన్నాళ్ళకు హిందువుల ఇళ్ళలోనూ పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గదికి నన్నే పిలవసాగారు. గద్వాలలో మొదలుపెట్టి, పెళ్ళయ్యాక వనపర్తిలో సొంత షాపు పెట్టుకుని, ఈ మధ్యనే మూసేశాను. మోకాళ్ళు ఇక ఒప్పుకోలేదు.

ఇప్పుడు కొత్తగా ఈ పనిలోకి వస్తున్న ఆడపిల్లలు నా దగ్గరికి వచ్చి ఏ లెన్సు కొనాలని అడుగుతున్నారు. లెన్సు సంగతి దుకాణంవాడు చెబుతాడు. వాడు చెప్పనిది నేను చెబుతాను.

మామూ సూత్రం

మామూ నాతో ఉర్దూలో మాట్లాడేవాడు. తిట్టేటప్పుడు మాత్రం తెలుగులోకి వచ్చేవాడు, బెంచీ మీద కూర్చున్న గిరాకీలకు కూడా అర్థం కావాలి కదా. తిట్టిన ప్రతిసారీ ఆయన చెప్పే సూత్రం ఒక్కటే.

"గిరాకీ ఏం జూడాలనుకుంటడో అది తియ్యాలె బేటీ. నీ కండ్లకేం నచ్చిందని ఎవడడుగుతడు?"

తప్పు చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అందుకే అడగకుండానే తీసుకోవడం అలవాటు చేసుకున్నాను.

నాకు నచ్చినవి దిష్టిబొమ్మలు. చేలల్లో రెండు కర్రలు అడ్డంగా కట్టి, పాత అంగీ తొడిగి, తలకు కుండ బోర్లిస్తారే, అవి. ఎందుకు నచ్చాయని అడిగితే నా దగ్గర గొప్ప జవాబు లేదు. పెళ్ళిళ్ళలో రోజంతా "జర ఇటు జూడు, గడ్డం దించు, నవ్వు, అంత నవ్వకు" అని చెప్పి చెప్పి గొంతు పోయేది. బొమ్మకు ఏమీ చెప్పనక్కర్లేదు. అది కడుపు లోపలికి పీల్చుకోదు. తనను తెల్లగా చూపించమనదు. చేతులు చాపి, గాలి ఎటు తోస్తే అటు అంగీని ఊపుకుంటూ నిలబడుతుంది. పొద్దుట ఒక రకంగా, ఎండ వాలేటప్పుడు ఇంకో రకంగా ఉంటుంది. ఏ రెండూ ఒకలా ఉండవు. పెళ్ళికొడుకులందరూ ఒకలాగే ఉంటారు.

సవారమ్మ జంట

మొదటి బొమ్మను మల్దకల్ దగ్గర ఒక ఊళ్ళో తీశాను. పెళ్ళికి వెళ్ళాను. మగపెళ్ళివారి బస్సు దారిలో చెడిపోయింది. లగ్నం దాటిపోతోందని అయ్యవారు, వంటలు చల్లారుతున్నాయని వంటవాళ్ళు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. నేను కెమెరా మెడలో వేసుకుని ఊరి బయట పల్లి చేను వైపు నడిచాను.

గళ్ళ అంగీ వేసుకున్న బొమ్మ. ఒక చెయ్యి కాస్త కిందికి జారి, ఎవరినో పిలుస్తున్నట్టుంది. వంగి చూస్తుంటే వెనక నుంచి ఒకావిడ వచ్చింది. చేతిలో కొడవలి, నడుముకు చెంగు.

"ఎవల్ని తీస్తున్నవ్ బీబమ్మా?"

"ఈ బొమ్మనే అవ్వా. మీదేనా?"

"నాదే. అంగి మా ఆయనది. బతికినన్నాళ్ళు ఒక్క పూటన్న చేన్ల నిలవడలే. పొద్దుగూకులు కల్లు దుకాణంల కూసుండెటోడు. సచ్చినంకనన్న నిలవడనీ అని గిట్ల తొడిగిన."

ఆవిడ పేరు సవారమ్మ. ఈ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. వాన పడలేదని చెప్పినంత మామూలుగా చెప్పింది. నేను ఒకటి తీసుకుని కెమెరా మూస్తుంటే ఆగమంది. కొడవలి గట్టు మీద పెట్టి, బొమ్మ అంగీ కాలరు సరిచేసి, పక్కన నిలబడి చెంగు భుజం మీదికి లాక్కుంది.

"నన్ను గూడ తియ్యి. మేం జంటగ ఎన్నడు దిగలే."

తీశాను. ఇంతలో బస్సు హారన్ వినిపించి పరిగెత్తాను.

గద్వాలకు వచ్చి రీలు కడిగాక మామూ ఆ ప్రింటు పట్టుకుని బయటికి వచ్చాడు. తెలుగులోకి మారాడు.

"పెండ్లికొడుకు గీయనేనా? కుండ తలకాయతోని మస్తుండు. కట్నమెంత?"

బెంచీ మీదివాళ్ళు నవ్వారు. ఆ తర్వాత చాలా రోజులు స్టూడియోకు వచ్చే ప్రతివాడూ "దిష్టిబొమ్మల బేటీ ఉందా" అని అడిగేవాడు. ఛాయ్ తెచ్చే మనిషి కూడా.

కొన్నాళ్ళకు సవారమ్మ సంతకు వచ్చి ఫోటో అడిగింది. మామూ ఊరుకోలేదు.

"తీస్కపో అవ్వా. నీ మొగుడు మంచిగనే వడ్డడు ఫోటోల."

సవారమ్మ ఫోటోను వెలుగులోకి వంచి నిదానంగా చూసింది.

"పడ్తడు మరి, తాగలేదు గద," అంది. చెంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

మామూ ఆ రోజు బొమ్మ మాట వదిలేసి పనిలో పడ్డాడు. కానీ సూత్రం మార్చుకోలేదు. ఒక్క మాటతో మారేవాడు బాసు ఎట్లా అవుతాడు?

తెల్లబరిచే పని

ఈ వృత్తి నిజంగా ఏమిటో ఒక ముక్క చెప్పి ముందుకు పోతాను. ఫోటోగ్రాఫరు ఫోటో తీస్తాడని బయటివాళ్ళు అనుకుంటారు. తీయడం ఎంతసేపు? మిగతా బతుకంతా తెల్లబరచడమే. రీలు రోజుల్లో బ్రష్షుతో, ఇప్పుడు కంప్యూటరుతో. ఒక పెళ్ళికొడుకు మేనత్త ఆల్బం పట్టుకుని వచ్చి, పిల్లవాడి మెడ ఒక రంగు, మొహం ఒక రంగు ఉందని కూర్చుంది. మొహం తెల్లబరచమన్నది ఆవిడే. మెడ సంగతి అప్పుడు చెప్పలేదు. మెడ తెల్లబరిచాక చేతులు నల్లబడ్డాయి. చేతులు తెల్లబరిచాక పెళ్ళికూతురు నల్లగా కనిపిస్తోందని అటువైపు మేనమామ వచ్చాడు. చివరికి ఇద్దరూ సున్నం కొట్టిన గోడల్లా తయారయ్యారు. అప్పుడు రెండు వైపులవాళ్ళూ సంతోషించారు. ఆ ఆల్బంలో ఇద్దరినీ గుర్తుపట్టించేది వాళ్ళ చెప్పులే.

ఇప్పుడు పెళ్ళికి ముందే ఫోటోలు. పిల్లను పొడుగాటి గౌనులో కృష్ణ ఒడ్డుకు తీసుకుపోయి పరిగెత్తమంటారు. అబ్బాయి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని రాయికి ఆనుకుని ఆకాశంలోకి చూస్తాడు. అమ్మాయి మేకల మందలోంచి గౌను ఎత్తుకుని పరిగెత్తి వస్తుంది. మేకలు కూడా మొహం తిప్పుకుంటాయి. నేనూ తీశాను అలాంటివి, ఇల్లు గడవాలి. చెయ్యొద్దని మీకూ చెప్పను. చెయ్యండి, బాగా చెయ్యండి. అందులోనే మీ కళ్ళు అరగదీసుకోకండి, అంతే. ఆ మేకలు కాసే మనిషి గొంగడి కింద ఎట్లా కూర్చున్నాడో చూడాలనిపిస్తే చూడండి. ఆల్బంలో పెట్టమని నేను చెప్పడం లేదు.

కిటికీలో మీసం

వనపర్తిలో నా షాపు, పక్కనే మా ఆయన టైలరింగ్ షాపు. మా ఊళ్ళలో స్టూడియో కిటికీలో ఏం పెట్టాలో అందరికీ తెలుసు. ఒక పెళ్ళికూతురు, బోడిగుండుతో ఒక పిల్లవాడు, మెడనిండా దండలతో ఒక నాయకుడు. నేను కొన్నాళ్ళు అలాగే పెట్టాను. తర్వాత ఒకరోజు పెళ్ళికూతుర్ని తీసి, పెద్దమందడి వైపు మిరప చేలో తీసిన దిష్టిబొమ్మను పెట్టాను.

ఆ బొమ్మకు ఎన్నికల్లో పంచిన బనీను తొడిగారు. దాని మీద మా దగ్గరి నాయకుడొకాయన మొహం, కింద పార్టీ గుర్తు అచ్చువేసి ఉన్నాయి. ఎండకు, వానకు మొహమంతా వెలిసిపోయి, గుర్తు పైన మీసం ఒక్కటే మిగిలింది. పైన కుండ తల, కింద ఛాతీ మీద మీసం, చుట్టూ ఎర్రగా పండిన మిరప. నాకు ఆ మీసం నచ్చింది. రాజకీయం నాకు తోచలేదు. తోచిందని చెబితే తెలివైనదాన్ని అనిపించుకోవచ్చు, కానీ తోచలేదు.

ఊరికి తోచింది. జనం కిటికీ ముందు ఆగి నవ్వసాగారు. ఇంతకుముందు ఎన్ని పెళ్ళికూతుళ్ళను పెట్టినా ఒక్కడూ ఆగలేదు. ఫోటోగ్రాఫర్ల సంఘం పెద్ద వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"షమీమమ్మా, గిరాకీని రమ్మంటున్నవా, బెదిరిస్తున్నవా?"

"పిట్టల్నే బెదిరియ్యలేకపోయింది అన్నా, గిరాకీనేం బెదిరిస్తది?"

ఆయనకు నవ్వు రాలేదు. అసలు చిక్కు వేరే ఉంది. ఆ నాయకుడి కూతురి పెళ్ళి పని నాకే ఒప్పజెప్పి ఉన్నారు. ఇంట్లో ఆడవాళ్ళకు ఆడ ఫోటోగ్రాఫరే కావాలట. వనపర్తిలో ఆ ఏడాది అంత పెద్ద పెళ్ళి ఇంకోటి లేదు. అది చేస్తే చుట్టుపక్కల పెద్దిళ్ళన్నీ నావే. పోతే, ఆయనింటి పెళ్ళి పోగొట్టుకున్నదాన్ని ఎవరు పిలుస్తారు?

నాయకుడే స్వయంగా వచ్చాడు. కిటికీ బయట నిలబడి చూసి, లోపలికి వచ్చాడు. మంచి మర్యాదగానే మాట్లాడాడు.

"ఏందమ్మా గిది? నన్ను దిష్టిబొమ్మను జేస్తవా?"

"నేను జేయలేదు సార్. ఎవరో చేన్ల నిలవెట్టిండ్రు. నేను ఫోటో తీసిన."

"తీసినవు సరే. బజార్ల ఎందుకు వెట్టినవ్?"

"మంచిగొచ్చింది సార్. ఆ ఎరుపు జూడుండ్రి."

"మంచిగేముంది దాన్ల? నా మొహమే లేదు."

"మీసముంది గద సార్."

ఆయన చెయ్యి తనంతట తాను మీసం మీదికి పోయింది. వెంట వచ్చిన కార్యకర్త గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చి, దగ్గుగా మారింది. నాయకుడు వాడి వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"తీసేస్తవా, లేదా?"

నాకు భయం వేసింది. కానీ నోట్లోంచి ఈ మాట వచ్చింది. "మీ మొహమున్న ఫోటో పెట్టుమంటే పెడ్త సార్, పక్కన జాగ ఉన్నది. గిదైతే తియ్య."

ఆయన వెళ్ళిపోయాడు. సాయంత్రానికి పెళ్ళి పనికి హైదరాబాదు వాళ్ళు వస్తున్నారని కబురు వచ్చింది. ఆ తర్వాత ఒప్పుకున్నవాళ్ళు ఒక్కొక్కరే ఏదో సాకు చెప్పి తప్పుకున్నారు. ఒకాయన ఏ సాకూ దొరక్క, పెళ్ళే వాయిదా పడిందన్నాడు. వాయిదా పడిన ఆ పెళ్ళి బారాత్ మా షాపు ముందునుంచే పోయింది, బ్యాండుతో సహా.

మా ఆయన నెమ్మదస్తుడు. ఆయనకు కూడా విసుగు వచ్చింది. "తీసెయ్యరాదు? ఒక కుండకోసం ఇంత పరేషానేంది?" అన్నాడు. ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. తీసేద్దామని కిటికీ దాకా వెళ్ళి నిలబడ్డ మాట నిజం. వేలు వేసి మేకు పట్టుకున్నాను కూడా. మళ్ళీ ఆ మీసం చూశాను. నవ్వొచ్చింది. వదిలేశాను. ధైర్యం అని ఎవరైనా అంటే నమ్మకండి. నవ్వు ఆగలేదు, అంతే.

అంతలో పెద్దమందడి నుంచి నర్సింలు అనే రైతు వచ్చాడు. ఆ బొమ్మ ఆయనది. నాయకుడి మనుషులు చేలోకి దిగి బనీను ఊడబీక్కుని పోయారట. మిరప చెట్లు తొక్కారట. ఆ కోపం తీర్చుకోవడానికి నా షాపు వెతుక్కుంటూ వచ్చాడు.

"నువ్వు ఫోటో తియ్యవట్టి నా బొమ్మ బరిబాతల నిలవడ్డది. ఊరోళ్ళు నవ్వుతుండ్రు. ఇప్పుడు నాకు అంగి ఎవరియ్యాలె?"

"బనీను లేకపోతే కోతులు వస్తున్నయా అన్నా?" అని అడిగాను.

"కోతులకేం తెలుస్తది, బనీనున్నప్పుడు గూడ వచ్చినయ్. ఏ పార్టీ బనీను తొడిగినా అవి భయపడ్తలేవు. పందులు గూడ అంతే. అయినా చేన్ల ఒక మనిషి ఆకారముంటె నాకు జర మంచిగుంటది."

పక్క షాపులోంచి మా ఆయన అంతా వింటున్నాడు. టైలరు దగ్గర, కుట్టించుకుని తీసుకుపోని బట్టలు ఎప్పుడూ ఉంటాయి. అందులోంచి ఒక నీలం అంగీ తెచ్చి నర్సింలుకు ఇచ్చాడు. నర్సింలు దాన్ని అటూ ఇటూ తిప్పి, బాగానే ఉందన్నాడు. తానే తొడుక్కుంటాడేమో అనుకున్నాను. లేదు, బొమ్మకే తొడిగాడు.

ఎట్లా తెలుసంటే, మా ఆయన ఆ శుక్రవారం నమాజు నుంచి వచ్చి స్కూటరు తీశాడు. "భుజాలు కొలత లేకుంట ఇచ్చిన. ఎట్ల కూసున్నదో జూడాలె," అన్నాడు. ఇద్దరం పెద్దమందడి వెళ్ళాం. భుజాలు జారిపోయి ఉన్నాయి. ఆయనకు అవమానంగా తోచింది. జేబులోంచి గుండుసూదులు తీసి, బొమ్మ వెనక నిలబడి, భుజాలు లోపలికి మడిచి గుచ్చాడు. రెండు అడుగులు వెనక్కి వచ్చి తల వంచి చూశాడు. పండక్కి వచ్చిన గిరాకీకి కూడా ఆయన అంత శ్రద్ధ పెట్టడం నేను చూడలేదు. నేను ఫోటో తీస్తుంటే, "ఎడమ చెయ్యి పొడుగైంది, రేపొచ్చి తగ్గిస్త," అన్నాడు. ఇంట్లో ఆ గొడవ అక్కడితో ముగిసింది.

పని మెల్లగా తిరిగి వచ్చింది. పెద్దిళ్ళు రాలేదు. నాయకుడి మీద కినుక ఉన్న ఇళ్ళు వచ్చాయి, అవీ తక్కువేమీ కాదు.

తర్వాత కొంతకాలానికి ఆ నాయకుడు పార్టీ మారాడు. మారిన కొన్ని రోజులకే కార్యకర్తను పంపాడు, అదే దగ్గిన మనిషిని.

"అక్కా, ఆ ఫోటో ఉన్నదా ఇంకా? బనీను మీద పాత పార్టీ గుర్తు ఉండె గద. సారు మళ్ళ కిటికీల వెట్టమన్నడు. పెద్దగ జేసి మూడు సెంటర్లల గూడ వెడ్తడట."

"సారు మీసమున్నది గద దాని మీద?"

"మీసం కనవడకుంట చెరిపేస్తం అక్కా. గుర్తొక్కటి ఉంచుతం."

అప్పటికి కిటికీలో ఆ ఫోటో లేదు. కోతులను బెదిరించడానికి ఒక రైతు చెట్టుకు కట్టిన పులిబొమ్మ ఫోటో పెట్టాను. దాని ఒక కన్ను ఊడిపోయి ఉంది. కార్యకర్తకు దాన్నే చూపించాను.

"ఇప్పుడు నాకిది నచ్చింది తమ్మీ. గది ఇప్పుడు పెట్ట."

వాడు పులి వంక చూసి, "ఇదెవరు అక్కా?" అని గొంతు తగ్గించి అడిగాడు. ఎవరూ కాదన్నాను. నమ్మలేదు.

మామూ పావురాలు

మామూకు పావురాల పిచ్చి. డాబా మీద గూళ్ళు కట్టించి, పొద్దున షాపు తెరిచే ముందు, సాయంత్రం మూసేశాక వాటితోనే గడిపేవాడు. ఈల వేస్తే అన్నీ ఒకేసారి లేచేవి. ఆయన మొహం అప్పుడు వేరేగా ఉండేది. చేతికింద కెమెరాలున్న మనిషి. ఒక్కసారీ వాటిని తీయలేదు. ఒకసారి నేనే అడిగాను.

"పావురాలెవడు కొంటడే? రీలు దండగ."

స్టూడియో అమ్మేశాక, కళ్ళకు పొర వచ్చి, పావురాలు కూడా పోయాక చూడడానికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉర్దూలో అడిగాడు, తన తెల్లది, మెడ మీద నల్లచుక్క ఉన్నది, దాని ఫోటో నా దగ్గర ఏమైనా ఉందా అని. దాని పేరు రాణి. నా దగ్గర లేదు. ఆయన దగ్గరా లేదు. గద్వాల చుట్టూ ఉన్న ఇళ్ళలో ఆయన తీసిన వేల మంది పెళ్ళికొడుకులు గోడల మీద ఉన్నారు. వాళ్ళ పేర్లు ఆయనకు ఒక్కటీ గుర్తులేదు.

నేను చూసిన బాసుల్లో ఆయన అందరికంటే మంచి పనివాడు. ఆయన చేసిన పెద్ద తప్పు ఇదే. ఇంతకంటే నేను దీని గురించి చెప్పలేను.

మెచ్చుకోలు

తిట్టేవాళ్ళ గురించి చాలా చెప్పాను. మెచ్చుకునేవాళ్ళతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

షాపు మూసే ముందు నాగర్‌కర్నూల్‌లో కొందరు చదువుకున్నవాళ్ళు నా దిష్టిబొమ్మల ఫోటోలు ఒక ఫంక్షన్ హాల్లో వరుసగా పెట్టించారు. నాకు శాలువా కప్పారు. మా ఆయన ఇస్త్రీ అంగీ వేసుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. ఒక వక్త లేచి, ఇవి దిష్టిబొమ్మలు కావు, ఈ వ్యవస్థ మీద సంధించిన ప్రశ్నలు అన్నాడు. ఇంకొకాయన, కుండ తల ఆలోచన కోల్పోయిన నేటి మనిషికి ప్రతీక అన్నాడు. మూడో ఆయన రెండు చేతులు చాపి ఉన్న బొమ్మలో రైతు కన్నీరు చూశాడు. మీసం బనీను ఫోటో ముందు అందరూ నిలబడి, ఎంత పదునైన వ్యంగ్యమో అని తల ఊపారు. వక్తలంతా ఫోటోలకు వీపు పెట్టి మాట్లాడారని మా ఆయన తర్వాత చెప్పాడు.

నన్ను మాట్లాడమన్నారు. లేచి, నాకు ఆ మిరప ఎరుపు, ఆ మీసం నచ్చాయని, అందుకే తీశానని చెప్పి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు మైకు అందుకుని, కళాకారుల వినయం ఇలాగే ఉంటుందన్నాడు.

ఇంటికి వచ్చాక కొన్ని వారాలు నాకు చేలోకి వెళ్ళాలనిపించలేదు. వెళ్ళినా బొమ్మ ముందు నిలబడి, ఇది దేనికి ప్రతీక అవుతుందోనని వెతకడం మొదలుపెట్టాను. చేతులు బాగా చాపలేదని ఒకదాన్ని వదిలేశాను. కన్నీరు సరిపోదనిపించింది. ఊరంతా నవ్వినప్పుడు, పెళ్ళిళ్ళు పోయినప్పుడు నా కన్ను చెడలేదు. ఒక్క శాలువా చెడగొట్టింది. తిట్టినవాడు మీ ఫోటో చూడడు, పొగిడినవాడూ చూడడు. ఇద్దరికీ చెప్పుకోవడానికి వాళ్ళ మాట ఒకటి ఉంటుంది. దాన్ని తగిలించుకోవడానికి మీరు మధ్యలో మేకులాగా దొరుకుతారు. రెంటికీ ఒకటే మందు, మళ్ళీ పొద్దున్నే లేచి వెళ్ళడం. నచ్చిందా లేదా అని కన్ను చెప్పేదాకా ఊరికే నిలబడి చూడడం.

ఈ మధ్య సంగతి

మొన్న కల్వకుర్తి రోడ్డు పక్కన జొన్న చేలో ఒకటి కనిపించింది. కాలువ నీళ్ళు వచ్చాక ఆ వైపు పచ్చబడింది. బొమ్మకు బడిపిల్లల చొక్కా, మెడకు టై కూడా కట్టారు. మా ఆయన స్కూటరు ఆపి, ఆ టై ముడి తప్పని చెప్పి చింత చెట్టు నీడలో కూర్చున్నాడు. నేను నల్ల బురఖాలో, మోకాళ్ళ నొప్పితో చేను మధ్య నిలబడ్డాను. ఎండ ఒక పక్కకు వాలితే టై నీడ చొక్కా మీద పడుతుంది. దానికోసం ఆగాను. చాలాసేపే కదలకుండా ఉండి ఉంటాను.

రైతు గట్టు మీది నుంచి దిగి దగ్గరికి వచ్చాడు. వయసులో చిన్నవాడే. నన్ను, బొమ్మను మార్చి మార్చి చూశాడు.

"ఏం జేస్తున్నవమ్మా?"

"ఫోటో తీస్తున్న బిడ్డా. తియ్యొద్దంటవా?"

"తియ్యి తియ్యి. అది గాదు. నువ్వు నిలవడ్డకాడి నుంచి ఒక్క పిట్ట గూడ వాలలే ఈ మడిల." అతను తల గోక్కున్నాడు. "రేపు గూడ వస్తవా?"

ఎండ బాగుంటే వస్తానని చెప్పాను.